రైలింజను దగ్గర ఆగిపోయిన మామగారు

ఇంగ్లండులోని రెడింగ్ నుంచి ఒక పాఠకురాలు చాలా పెద్ద ఉత్తరం రాశారు. పేరు, గుర్తుపట్టే వివరాలు తీసేసి విషయం మాత్రం చెబుతాను.

ఆవిడకి 40 ఏళ్ళు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులే. 12 ఏళ్ళ కూతురు ఒక్కతే. మే నెలలో అత్తమామలు కావలి నుంచి ఆరు నెలల వీసా మీద వచ్చారు. మామగారికి 74. 1972లో బిట్రగుంట లోకో షెడ్డులో ఇంజన్లు తుడిచే క్లీనరుగా చేరి, బొగ్గు వేసే ఫైర్‌మన్ అయి, ఒక్కో మెట్టే ఎక్కి చివరికి మెయిలు బళ్ళు నడిపి రిటైరైన మనిషి.

జులై చివర స్కూళ్ళకి సెలవులివ్వగానే 11 తెలుగు కుటుంబాలు కలిసి ఒక కోచ్ మాట్లాడుకుని, వాట్‌ఫర్డ్ దగ్గర లీవ్స్‌డెన్‌లో ఉన్న హ్యారీ పోటర్ స్టూడియో టూరుకి వెళ్ళాయి. ఏర్పాట్లన్నీ ఈవిడ భర్తే చూశారు. టికెట్లు నెలల ముందే కొన్నారు. పొద్దున్నే లేచి పులిహోర కలిపారు, చపాతీలు చుట్టారు. మామగారికి "మన రామోజీ ఫిల్మ్ సిటీ లాంటిదే మావయ్యా" అని చెప్పి బయల్దేరదీశారు. లోపలికి వెళ్ళే స్లాటు 11 గంటలకి. తిరుగు ప్రయాణం నాలుగున్నరకి అని వాట్సాప్ గ్రూపులో పెట్టారు.

ఒంటిగంట వేళ అందరూ రైలింజను ఉన్న ప్లాట్‌ఫాం దగ్గరికి వచ్చారు. ఫొటోలు దిగారు, ముందుకు వెళ్ళారు. నాలుగింటికి షాపులో చూసుకుంటే మామగారు లేరు. అత్తగారు మోకాళ్ళ నొప్పితో ఇంకో పెద్దావిడతో కలిసి కెఫేలో కూర్చుండిపోయారు, ఆయన కొడుకుతో ఉన్నారనుకున్నారు. కొడుకు ఆయన తల్లితో ఉన్నారనుకున్నాడు. ఫోను కలవలేదు, అందులో ఉన్నది ఇండియా సిమ్ము, ఇంటి వైఫై మీద తప్ప పలకదు. పాప ఏడాదిగా పోగేసుకున్న 40 పౌండ్లతో మంత్రదండం కొందామని వరసలో నిలబడి ఉంటే, తాతయ్యని వెతకాలని చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చారు. చివరికి 5 గంటల 10 నిమిషాలకి అక్కడి ఉద్యోగి ఒకరు ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన రైలింజను దగ్గరే ఉన్నారు.

అప్పటికి కోచ్‌లో అందరూ గుర్రుగా ఉన్నారు. డ్రైవరుకి ఆ సాయంత్రం ఇంకో బుకింగ్ ఉంది. పాప స్నేహితురాళ్ళ ముందు, ఇంగ్లీషులో, గట్టిగా అనేసింది: ఈయన అసలెందుకు వచ్చాడు, అన్నీ పాడుచేస్తాడు, ఇండియా వెళ్ళిపోతే బాగుండు. మామగారు నాలుగడుగుల వెనకే ఉన్నారు. ఏమీ అనలేదు. ఎక్కి మొదటి సీటులో కూర్చున్నారు. మర్నాడు పొద్దున్న కొడుకుని పిలిచి, కౌలు సంగతి చూసుకోవాలి, అక్టోబరు టికెట్టు ఆగస్టుకి మార్చమన్నారు. అత్తగారికి ఏమీ తెలియక ఏడుస్తున్నారు. భర్త పాప ఫోను లాగేసుకుని, తాతయ్య కాళ్ళకి దణ్ణం పెట్టి క్షమాపణ చెప్పేదాకా ఇవ్వనన్నారు. పాప గది తలుపు తీయడం లేదు.

"క్షమాపణ చెప్పించనా? టికెట్టు మార్చమనా? ఆయనకి మతిమరుపు మొదలైందేమో, డాక్టరుకి చూపించాలా?" ఇవీ ఆవిడ ప్రశ్నలు.

* * *

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఒక పని పెట్టుకుని చదివాను: ఆ మధ్యాహ్నం మామగారు అన్నం ఎక్కడ తిన్నారా అని. పులిహోర ఎవరు కలిపారో రాశారు, చపాతీలు ఎన్ని మిగిలాయో కూడా రాశారు. ఆయన తిన్నట్టు మాత్రం ఎక్కడా లేదు. ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా, అంటే భోజనాల వేళంతా, ఆయన మీతో లేరు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

దెప్పడానికి అనడం లేదు. పదకొండు ఇళ్ళవాళ్ళు కలిసి వెళ్ళినప్పుడు ఎవరి మనిషి ఎవరి దగ్గర ఉన్నారో తెలియదు. పెళ్ళిళ్ళలో పిల్లలు తప్పిపోయేది కూడా ఇలాగే. కానీ "తప్పిపోయారు" అన్న మాట మీరు ఉత్తరంలో ఆరుసార్లు వాడారు, దాన్ని మాత్రం ఒప్పుకోలేను. ఆయన ఎక్కడికీ పోలేదు. మీరు వదిలిన చోటే ఉన్నారు. నాలుగున్నరకి బయల్దేరాలన్న మాట ఏ గ్రూపులో పెట్టారో, ఆ గ్రూపులో ఆయన లేరని మీరే రాశారు. ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిదేళ్ళు రైల్వేలో చేసి, నిమిషాలు రాసుకుంటూ బండి నడిపిన మనిషికి బయల్దేరే టైము ఎవరూ చెప్పలేదు. చేతికి పలకని ఫోనిచ్చి, ఎత్తలేదని అనుకున్నాం. ముందు ఈ లెక్క సరిచేసుకుంటే మీ మూడో ప్రశ్నకి సగం జవాబు దొరుకుతుంది.

మిగతా సగం ఏమిటంటే, ఒక వస్తువు ముందు మైమరచి నిలబడటాన్ని మతిమరుపు అనరు. తెలిసిన వీధిలో దారి తెలియకపోవడం, అడిగిందే మళ్ళీ మళ్ళీ అడగడం, డబ్బు లెక్క తేలకపోవడం, పొయ్యి మీద పెట్టింది మర్చిపోవడం లాంటివి ఈ మధ్య ఉన్నాయా అని అత్తగారిని ఒక్కరినే, నెమ్మదిగా అడగండి. ఉన్నాయంటే డాక్టరు సంగతి చూడాలి, అది వేరే విషయం. లేవంటే ఆ మాట ఇంట్లో మళ్ళీ ఎత్తకండి.

ఆ మాట అంటే గుర్తొచ్చింది. మీ ఉత్తరం మూడో పేజీలో ఒక వాక్యం ఉంది. కోచ్ మెట్ల దగ్గర నిలబడి, అందరికీ చేతులు జోడించి, "పెద్దాయన కదండీ, ఈమధ్య మతి కుదురుగా ఉండట్లేదు" అని సర్దిచెప్పానని రాశారు. అంతకుముందు పేజీలో, ఆయన మొదటి సీటులో కూర్చున్నారని రాశారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూశారా? మెట్లకీ మొదటి సీటుకీ ఎంత దూరం ఉంటుంది?

పన్నెండేళ్ళ పిల్ల కోపంలో అన్న మాటని ఆయన మింగేసి ఉండొచ్చు. మనవరాలు కదా. కోడలు చేతులు జోడించి నిదానంగా, తెలుగులో, నలభై మందికి చెప్పిన మాట వేరు. ఆయన్ని ఏది ఎక్కువ నొప్పించిందో మీకూ నాకూ తెలియదు. కానీ మీ ఉత్తరమంతా పాప మాట చుట్టూనే తిరిగింది. నేనైతే మీ మాట దగ్గర మొదలుపెడతాను.

దానికంటే ముందు ఆ ఇంజను గురించి కొంచెం చెప్పాలి. ఆయన నాలుగు గంటలు అక్కడ ఏం చేశారో అర్థం కాకుండా ఆయనతో మాట్లాడలేరు.

"రామోజీ ఫిల్మ్ సిటీ లాంటిదే" అన్నారు కానీ, రెంటికీ పోలిక తక్కువ. అక్కడ బస్సులో తిప్పుతారు, ఆటపాటలుంటాయి, రైడ్లుంటాయి. లీవ్స్‌డెన్‌లో అవేమీ లేవు. మూడున్నర గంటలకి తక్కువ కాకుండా నడక. 2000 నుంచి 2010 దాకా ఎనిమిది సినిమాలు తీసిన చోట, వాటి సెట్లు, దుస్తులు, బొమ్మలు, కోట నమూనా అన్నీ దాచి 2012లో జనానికి తెరిచారు. సినిమాలు చూసిన పిల్లలకి ప్రతి గరిటె వెనకా ఒక కథ ఉంటుంది. చూడని పెద్దలకి అది ఎవరింటి సామాన్లో మూడు గంటలు చూపించినట్టు. మా ఇంట్లోనూ ఒక పెద్దావిడ అలాంటి చోటికి వెళ్ళొచ్చి, "అంత దూరం తీసుకెళ్ళి పాత చొక్కాలు చూపించారు" అంది. తమాషా ఏమిటంటే, ఆ స్థలం కథే మీ మామగారికి నచ్చి ఉండేది. రెండో ప్రపంచయుద్ధంలో అది విమానాల ఫ్యాక్టరీ, తర్వాత రోల్స్ రాయిస్ వాళ్ళు అక్కడే ఇంజన్లు చేశారు. ఆ ముక్క ఆయనకెవరూ చెప్పి ఉండరు.

ఆ ప్లాస్టరు గోడలు, కాగితపు కొండలు, మరుగుజ్జు కోట మధ్య ఆయనకి కనబడిందేమిటంటే, నిజం ఇంజను. సినిమా కోసం ఎర్రరంగు పూసి పేరు మార్చారు గానీ, దాని అసలు నంబరు 5972. మీ రెడింగ్ మీదుగా వెళ్ళే లైనులోనే ఉన్న స్విండన్‌లో 1937లో తయారైంది. 1963 దాకా బళ్ళు లాగింది. తర్వాత వేల్స్‌లో బ్యారీ అనే ఊళ్ళో తుక్కు ఇనుము కింద పడి ఉంటే, 1980ల మొదట్లో ఒకరు కొన్నారు, తర్వాత ఎన్నో ఏళ్ళకి బాగుచేశారు. ఆ పైనే సినిమా వేషం. 2015 నుంచి ఆ స్టూడియోలో ఉంది. ముందు నాలుగు చిన్న చక్రాలు, వెనక ఆరు పెద్దవి. డబ్ల్యూపీలు, డబ్ల్యూజీలు అనే మన ఆవిరి ఇంజన్లు తుడిచిన చేతులకి అది పరాయిదేమీ కాదు. వేషం ఎంత వేసినా చక్రాలు అబద్ధం చెప్పవు కదా.

మనవైపు బ్రాడ్‌గేజీ మీద ఆవిరి 1995తో ఆగిపోయింది. బిట్రగుంటలో ఆ షెడ్డూ పోయింది, ఊరి సందడీ పోయింది. ఇరవై ఒకటో ఏట బొగ్గుపార పట్టిన మనిషికి, ఏ దేశంలోనో, పిల్లల సినిమా సెట్టులో, పొగ వేసి కూత వేయిస్తూ ఒక ఆవిరి ఇంజను ఎదురైంది. చుట్టూ ఉన్నవాళ్ళు సామాన్ల బండి తోసే భంగిమలో ఫొటోలు దిగి వెళ్ళిపోతున్నారు. ఆయన్ని ఒక్కరూ "మావయ్యా, ఇది మీరు నడిపినలాంటిదేనా?" అని అడగలేదు. అడిగి ఉంటే మీ కోచ్ ఇంకా ఆలస్యమయ్యేదేమో. అయినా అడగాల్సింది.

ఇక ఏం చేయొచ్చు.

మొదటిది, మీవారు పట్టుబట్టిన దారి. అందరి ముందూ పాప చేత క్షమాపణ చెప్పించడం. ఇది త్వరగా అయిపోతుంది, ఫోను తిరిగొస్తుంది, పైకి ఇల్లు చల్లబడుతుంది. కానీ ఒక్క సంగతి ఆలోచించండి. ఆయన "కౌలు సంగతి" అని ఎందుకన్నారు? పాప ఇంగ్లీషులో అన్న మాటలు తనకి అర్థం కానట్టు ఉండటానికి. రైల్వే రూల్సు పుస్తకమంతా ఇంగ్లీషులో చదివి పరీక్షలు రాసిన మనిషికి అర్థం కాకపోవడమేమిటి? కానీ అర్థం కానట్టు ఉండటమే ఇప్పుడాయన పరువుకి మిగిలిన తెర. అందరినీ హాల్లో కూర్చోబెట్టి పాపని కాళ్ళ దగ్గరికి తోస్తే, ఆ తెర మీరే లాగేసినట్టు. అత్తగారికి అప్పుడే తెలుస్తుంది. ఆయన "పర్లేదమ్మా" అనక తప్పదు. పాపకి మిగిలేది తాతయ్య వల్ల నాకు ఇదీ జరిగింది అన్న ఇంకో లెక్క.

పాప తప్పు చేయలేదనడం లేదు. ఆ మాట క్రూరమైనది, అది ఆ పిల్లకీ తెలుసు. తెలియకపోతే తలుపు వేసుకుని కూర్చోదు, ఎదురు మాట్లాడుతుంది. కానీ ఏడాది దాచుకున్న డబ్బుతో వరసలో నిలబడ్డ పిల్లని కారణం కూడా సరిగ్గా చెప్పకుండా లాక్కొచ్చారు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ నష్టాన్ని ఒప్పుకోండి, తర్వాత మాట గురించి మాట్లాడండి. ఇద్దరే ఉన్నప్పుడు. "నీ వంతు వచ్చేసరికి లాక్కొచ్చాను, అది నా తప్పు. నువ్వన్నది తాతయ్య విన్నారు, ఆయనకి ఇంగ్లీషు వచ్చు." ఇంతవరకూ చెప్పి ఊరుకోండి. ఏం చేయాలో వెంటనే చెప్పకండి. నాలుగు రోజులు ఏమీ చేయకపోవచ్చు. ఉత్తరం రాయొచ్చు, టీ పట్టుకెళ్ళి ఇవ్వొచ్చు, బొత్తిగా ఏమీ చేయకపోనూవచ్చు. ఆ అవకాశానికి మీరు సిద్ధపడాలి. ఆ మంత్రదండం మాత్రం ఎప్పుడైనా కొనిపెట్టండి. లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్లోనూ హ్యారీ పోటర్ షాపుంది, టూరు టికెట్టు అక్కర్లేదు. దాన్ని క్షమాపణతో ముడిపెట్టొద్దు.

రెండోది, ఏమీ ఎరగనట్టు ఉండిపోవడం. మన ఇళ్ళలో ఎక్కువగా జరిగేది ఇదే, ఎప్పుడూ చెడ్డదని కూడా అనను. కాలం కొన్నిటిని నిజంగానే అరగదీస్తుంది. కానీ మీకు కాలం లేదు, ఆగస్టు టికెట్టు ఉంది. ఆయన ఈ మౌనంతోనే విమానం ఎక్కితే ఇంకోసారి వస్తారన్న నమ్మకం నాకు లేదు. రమ్మన్న ప్రతిసారీ కౌలు అడ్డొస్తుంది.

మూడోది కష్టమైనది. మీరు ఒక్కరే ఆయన దగ్గరికి వెళ్ళి మీ మాట గురించి చెప్పడం. పాప ఊసు లేకుండా. "ఆ రోజు మెట్ల దగ్గర నేను మీ గురించి తప్పుగా మాట్లాడాను మావయ్యా. మీకు టైము చెప్పంది మేము." అంతే. అందరూ విసుక్కుంటున్నారు, నాకు ఏం తోచలేదు అని వివరాల్లోకి దిగకండి. దిగితే మళ్ళీ ఆయనే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. ఆయన "ఏ మాటమ్మా?" అంటే ఆ ప్రశ్నని గౌరవించండి, పట్టి పట్టి గుర్తు చేయకండి. ఇందులో ప్రమాదం లేకపోలేదు. ఆయన నిజంగా విననే లేదనుకోండి, ఇప్పుడు మీ నోటే తెలుస్తుంది, కొత్తగా నొచ్చుకుంటారు. ఆ ప్రమాదం వద్దనుకుంటే ఇంజను దగ్గర మొదలుపెట్టండి. నాలుగు గంటలు ఏం చూశారని అడగండి. ఎవరూ తొందరపెట్టని వేళ, టీవీ కట్టేసి. ఆయన చెప్పేదాన్ని బట్టి మిగతాది చెప్పాలో వద్దో మీకే తెలిసిపోతుంది. నన్నడిగితే మాత్రం చెప్పడానికే మొగ్గుతాను, ఎందుకంటే "మతి కుదురుగా లేదు" అన్న కబురు నలభై మంది చెవిన పడింది. మన తెలుగువాళ్ళ సంగతి తెలుసుగా, అది ఆయనకంటే ముందే కావలి చేరుతుంది. ఎవరో చెప్పగా వినడం కంటే మీ నోట వినడం నయం.

అందుకే ఆ వాట్సాప్ గ్రూపులో కూడా ఒక్క వాక్యం పెట్టమంటాను: ఆ రోజు ఆలస్యం మావల్లే, నాన్నగారికి టైము చెప్పడం మేమే మర్చిపోయాం. ఇది మీవారు రాస్తే మేలు. మీవారి తప్పు ఎత్తకుండా ఇంతదూరం వచ్చాను గానీ, పాప మీద ఆయనకున్న కోపంలో కొంత తన మీదే అనిపిస్తోంది. పొద్దున్న 46 మందిని లెక్కపెట్టి ఎక్కించిన మనిషి, మధ్యాహ్నం తన తండ్రిని లెక్కపెట్టలేదు. ఈ ముక్క ఆయనతో గొడవలో అనకండి, పని జరగదు. ఈ సమాధానం చదివించండి, చాలు.

టికెట్టు సంగతి. మార్చమని అడిగిన మనిషికి మార్చం అంటే, కొడుకు ఇంట్లో నిర్బంధించినట్టు ఉంటుంది. అడిగిందే తడవుగా మార్చేస్తే, పొమ్మన్నట్టూ ఉంటుంది. మధ్యస్తంగా ఒకటి చేయండి. ఏ తేదీకి మారిస్తే ఎంతవుతుందో కనుక్కుని, కాగితం మీద రాసి ఆయన చేతికివ్వండి. అత్తగారు అక్టోబరు దాకా ఉండాలనుకుంటున్నారన్న సంగతి కూడా చెప్పండి. ఆవిడకి ఈ ప్రయాణంలో ఓటు ఉంది కదా. ఒక పది రోజులు ఆగి మీరే చెప్పండి అనండి. ఆయన అప్పటికీ ఆగస్టే అంటే, మార్చండి. నవ్వుతూ పంపండి. నిజంగానే కౌలు ఉండొచ్చు కూడా.

ఈలోగా పది పౌండ్లు పెట్టి ఒక లోకల్ సిమ్ము కొనిచ్చి, గ్రూపులో చేర్చండి.

ఇంకొకటి, మీరడగనిది. మీ రెడింగ్ నుంచి డిడ్‌కాట్ రైల్లో పావుగంట దూరం. స్టేషను పక్కనే పాత గ్రేట్ వెస్టర్న్ రైల్వే వాళ్ళ ఇంజన్లు దాచిన షెడ్డుంది. ఇంకొంచెం ముందుకు పోతే స్విండన్, ఆ 5972 పుట్టిన కార్ఖానాలోనే ఇప్పుడు మ్యూజియం నడుస్తోంది. అక్కడికి ఆయన్ని తీసుకెళ్ళమనే చెబుతాను, కానీ పైన చెప్పిన మాటలు జరగకముందు కాదు. ముందే తీసుకెళ్తే బుజ్జగింపు కింద జమ కడతారు. "మీ కోసమే" అని చాటింపు వేయకండి. కొడుకూ తండ్రీ ఇద్దరే వెళ్ళినా చాలు. పాప వస్తానంటే రానివ్వండి, రానంటే వదిలేయండి. అంతకుముందు ఆ నంబరు ఒక చీటీ మీద రాసి పాప బల్ల మీద పెట్టండి. తనకిష్టమైన సినిమాలో రైలు అసలు ఎక్కడిదో వెతుక్కుంటుందేమో చూద్దాం.

డిడ్‌కాట్ వెళ్ళేట్టయితే ఇంజను కదిలే రోజు చూసుకుని వెళ్ళండి, అన్ని రోజులూ ఆవిరి పెట్టరు. పులిహోర కట్టుకెళ్ళండి. ఒంటిగంటకి ఆయన్ని పిలిచి పెట్టండి. తిరుగు బళ్ళు చాలానే ఉంటాయి.